ఆమె వైపు జరిపిన భాగం

2002 నాటి సంగతి. బసవనగుడిలో ఒక కాఫీపొడి దుకాణం పైన నా ఆఫీసు ఉండేది. కింద గింజలు వేయిస్తుంటే పైన నా కాగితాలన్నీ ఘుమఘుమలాడేవి. ఆ కాగితాల మీద నేను రాసే ధరలు మాత్రం ఎవరికీ రుచించేవి కావు. నేను ఇంజనీరును, రిజిస్టర్డ్ వాల్యుయర్‌ని. ఇల్లు, స్థలం, తోట, ఫ్యాక్టరీ, ఏదైనా సరే వెళ్ళి చూసి, కొలిచి, దాని ధర ఎంతో రాసి సంతకం పెట్టడం నా వృత్తి.

మా పనిలో రెండు ధరలుంటాయి. ఒకటి గైడెన్స్ వాల్యూ. ఫలానా వీధిలో స్థలం ఇంతకు తక్కువ కాదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రభుత్వం రాసిపెట్టిన ధర అది. రెండోది మార్కెట్ వాల్యూ. కొనేవాడు జేబులోంచి నిజంగా తీసిచ్చేది. మొదటిది కాగితం మీద దొరుకుతుంది. రెండోది ఊరి నోట్లో ఉంటుంది. టీ అంగడి బెంచీ మీద కూర్చుని దాన్ని మెల్లిగా రాబట్టడమే మా విద్య అంతా.

బ్యాంకు అప్పు కోసం వచ్చినవాడు ధర పెంచమంటాడు. పన్ను కట్టాల్సినవాడు తగ్గించమంటాడు. పంపకాలకు వచ్చినవాళ్ళు మరీ ఘటికులు, తమకొచ్చేదానికి తక్కువా, అవతలివాడికి పోయేదానికి ఎక్కువా రాయమంటారు. ఉన్నది ఉన్నట్టు రాయండి అన్నవాడు ఇన్నేళ్ళలో నాకు తగల్లేదు. మనుషుల ఆశలు ఎన్ని రకాలో అన్నీ చూసేశానని, ఇక నన్ను కొత్తగా ఆశ్చర్యపరిచేవాడు పుట్టలేదని అప్పట్లో నాకొక ధీమా ఉండేది. ఆ ధీమాను ఒక భార్యాభర్తలు తీసిపారేశారు.

నన్ను పిలిచింది శారద గారనే అడ్వకేటు. ఆవిడ కన్నడిగురాలు. క్లయింట్ల దగ్గరే మా తెలుగు నేర్చుకుంది.

"మీ తెలుగోళ్ళే సార్. మొగుడూ పెండ్లాము. విడాకులు తీసుకుంటా ఉండారు. ఆస్తి బాగా ఉండాది. మీరొచ్చి వాల్యూ కట్టల్ల," అంది ఫోన్లో.

ఆయన పేరు చంద్రశేఖర్ అనుకుందాం, ఆమె సులోచన. అసలు పేర్లు చెప్పను. మడకశిర దగ్గర పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో బెంగళూరు వచ్చినవాళ్ళు. అట్టపెట్టెలు చేసే పనితో మొదలుపెట్టి, అత్తిబెలెలో కార్టన్ బాక్సుల ఫ్యాక్టరీ పెట్టేదాకా ఎదిగారు. ఒక కూతురు, మణిపాల్‌లో డాక్టరు చదువుతోంది. ఆ పిల్ల చదువుకూ పెళ్ళికీ కావలసింది ముందే పక్కకు తీసి పెట్టారు, అందులో తగాదా లేదు. ఆయనకు ఇంకొక ఆవిడతో కాపురం పెట్టాలని ఉంది. ఏడాది పైగా ఫ్యాక్టరీ గెస్ట్ రూములో ఉంటున్నాడు. ఈమె జయనగర్‌లో ఇంట్లో ఉంది. ఇద్దరూ ఒప్పుకుని వేసే పిటిషన్ కాబట్టి శారద గారే ఇద్దరికీ కాగితాలు రాస్తున్నారు.

నేను వెళ్ళేసరికి ఆవిడ ఆఫీసులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. టేబుల్ మీద ఆస్తి పత్రాల జిరాక్సులు. జయనగర్ ఇల్లు, అత్తిబెలె ఫ్యాక్టరీ, బెళ్ళందూరులో పొలం, దేవనహళ్ళి దగ్గర తోట. అన్నీ చంద్రశేఖర్ పేరు మీదే ఉన్నాయి. ఆమె పేరు మీద ఒక గజం కూడా లేదు.

"ఇందులో చట్టప్రకారం ఆమెకు ఎంతొస్తుంది మేడమ్?" అని అడిగాను. సగమో, మూడో వంతో చెబుతుందనుకున్నాను.

"ఏమీ రాదు," అంది శారద గారు. "పేరు ఎవురిదో ఆస్తి వాళ్ళది. భార్యకు భరణం. అంతే. మన చట్టంలో పంపకం అనే మాటే లేదు సార్ మొగుడూ పెండ్లాలకు."

నాకు నిజంగానే తెలియదు. ఇన్ని పంపకాలకు ధరలు కట్టినవాణ్ణి, అవన్నీ అన్నదమ్ములవే అని అప్పటిదాకా గమనించలేదు. పాతికేళ్ళ కాపురం తర్వాత ఒక మనిషి చట్టం ముందు ఉత్త చేతులతో నిలబడుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. సులోచన గారి ముఖం చూశాను. ఆమెకు ఆ సంగతి ముందే తెలిసినట్టుంది, చీర కొంగు అంచు సరిచేసుకుంటూ నిమ్మళంగా కూర్చుంది.

ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే, సంతకం. ఆమె ఒప్పుకోకపోతే ఆయన ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కాలి. అందుకే ఆయన తన వంతుగా ఒక ఫ్లాటు కొనిచ్చి కొంత రొక్కమూ ఇస్తానన్నాడు. చాలా పెద్ద మనసుతో ఇస్తున్నట్టే చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి ఎంత కావల్లో చెప్పు," అన్నాడు.

"నాకు మీ లెక్కలు తెలీవు. మీ ఊర్లో మీ తమ్ములతో పంచుకున్నారు కదా. అట్ల పంచండి."

"అట్లంటే?"

"పెద్దోడు పంచల్ల, చిన్నోడు కోరుకోవల్ల. మీరే పంచండి. నేను కోరుకుంటా."

ఈ పద్ధతి మా వైపు వాళ్ళకు కొత్త కాదు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దవాడు భాగాలు చేస్తాడు, చిన్నవాడు ముందుగా కోరుకుంటాడు. మిగిలిందే పెద్దవాడికి. కాబట్టి పెద్దవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని సమానంగా పంచాలి. తేడా చేస్తే ఆ తేడా తన నెత్తినే పడుతుంది. కోర్టులూ వాల్యుయర్లూ లేని రోజుల్లో ఎవరో బుద్ధిమంతుడు కనిపెట్టిన ఉపాయం అది.

శారద గారు పెన్ను కింద పెట్టింది. "ఇది అన్నదమ్ముల పద్ధతి కదమ్మా. మొగుడూ పెండ్లాలకు ఎట్ల కుదురుతుంది?"

"మొగుడూ పెండ్లాము అనేది అయిపాయ కదా మేడమ్. ఇంక మేము పాలోళ్ళమే," అంది సులోచన గారు.

నేను ఉలిక్కిపడ్డాను. పాలు అంటే వాటా. ఒకే ఆస్తిలో వాటా ఉన్న దాయాదులను మా వైపు పాలోళ్ళంటారు. ఆ మాటను ఎవరూ ముద్దుగా వాడరు. పాలోడంటే గట్టు జరిపేవాడు, కంట్లో నలుసు. కానీ తగాదా పడడానికైనా ముందు వాటా అనేది ఉండాలి కదా. భార్యను పాలోడని ఎవరూ అనరు, ఎందుకంటే ఆమెకు వాటా లేదు. చట్టం ఇవ్వని వాటాను ఆమె ఒక్క మాటతో టేబుల్ మీద పెట్టుకుంది.

చంద్రశేఖర్‌కు అది తట్టినట్టు లేదు. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో గర్వమే కనిపించింది నాకు. "బెంగళూరు నుంచి పోయి నేను పంచితే వంక పెట్టినోడు లేడు సార్ మా ఊర్లో. మా చిన్న తమ్ముడు ఏది కోరుకోవల్లో తెలీక పూటంతా గట్టుమింద కూర్చున్న్యాడు. అన్నీ అంత సమానంగా ఉండె."

"అయితే ఒప్పుకున్నట్టేనా?" అంది శారద గారు.

"సై. ఈ ఇంజనీరప్ప వాల్యూ కట్టనీ. నేను పంచుతా."

అంత సులువుగా ఎలా ఒప్పుకున్నాడని ఆ రోజంతా ఆలోచించాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని చివరికి నా టేపు తీసుకుని పనిలో పడ్డాను.

ముందు ఫ్యాక్టరీకి వెళ్ళాను. అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర లారీల వరుసలో ఇరుక్కుని చేరేసరికి ఎండ మండిపోతోంది. ఆయన ప్రతి యంత్రాన్నీ తట్టి తట్టి చూపించాడు. ఇది ఫలానా ఏడాది కొన్నాను, ఇది చెడిపోతే నేనే విప్పి బాగుచేశాను అని వరసగా చెప్పాడు. పిల్లల ముచ్చట్లు చెప్పే తండ్రి గొంతు అది. దేవనహళ్ళి తోటలో ద్రాక్ష పందిళ్ళు, అక్కడివాళ్ళు చక్కోత అనే పంపరపనస చెట్లు. అక్కడికి విమానాశ్రయం వస్తుందని ఎన్నేళ్ళుగానో చెప్పుకుంటున్నారు. టీ అంగడి పెద్దాయన, "వస్తానే ఉండాదప్పా, ఇంగా దిగలేదు," అన్నాడు. ఆ వదంతికి ఎంత ధర కట్టాలో అంతే కట్టాను.

బెళ్ళందూరు పొలం మాత్రం బంగారమే. పక్కనే రింగు రోడ్డు పని నడుస్తోంది, కంప్యూటర్ కంపెనీల వాళ్ళు కార్లు ఆపి గట్ల మీద నిలబడి చూస్తున్నారు. అక్కడ గైడెన్స్ వాల్యూకూ మార్కెట్ వాల్యూకూ ఏనుగుకూ దోమకూ ఉన్నంత తేడా ఉంది. నేను మార్కెట్ వాల్యూ రాశాను. పంపకాలకు అదే న్యాయం.

చివరికి జయనగర్ ఇల్లు. సులోచన గారే వెంట ఉండి చూపించింది. వెనక పెరట్లో ఆమె పెట్టుకున్న సంపెంగ చెట్టు డాబా దాకా పెరిగింది. నేను గోడలు కొలుస్తుంటే ఆమె ఒక్కొక్క గది తలుపూ అరచేత్తో నిమురుతూ ముందుకు నడిచింది. వంటింట్లో నిలబడి, "ఈ గట్టు నా ఎత్తుకు కట్టించుకున్న్యా సార్. మేస్త్రీ వద్దంటే పోట్లాడినా," అంది. ఈమె ఇల్లే కోరుకుంటుందని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. రిపోర్టు ఇచ్చేశాను.

పంపకం రోజు వచ్చింది. అదే ఆఫీసు, అదే టేబుల్. చంద్రశేఖర్ రెండు కాగితాలు తెచ్చాడు. ఒక దాంట్లో ఫ్యాక్టరీ, దేవనహళ్ళి తోట. రెండో దాంట్లో జయనగర్ ఇల్లు, బెళ్ళందూరు పొలం. తేడా వచ్చిన చోట బ్యాంకు డిపాజిట్లతో సరిచేశాడు. నా ధరల ప్రకారం కూడి చూశాను. గుండుపిన్ను బరువు తేడా కూడా లేదు. ఈయన నిజంగానే మొనగాడు అనుకున్నాను.

ఇల్లు ఉన్న కాగితాన్ని ఆయన వేళ్ళతో ఆమె వైపు జరిపాడు. "ఆడదానికి ఇల్లు ముఖ్యము. పొలము గూడ మంచి రేటు పలుకుతా ఉండాది. తీసుకో," అన్నాడు మెత్తగా.

న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. శారద గారు అప్పుడే పెన్ను మూత తీసింది. సులోచన గారు తన ముందుకొచ్చిన కాగితాన్ని కాసేపు చూసింది. ముట్టుకోలేదు. ఆ తర్వాత చెయ్యి చాచి, ఆయన ముందున్న రెండో కాగితాన్ని తన దగ్గరకు లాక్కుంది.

"నాకు ఇది," అంది.

నేను పొరబాటున తీసిందేమో అనుకున్నాను. "అమ్మా, అది ఫ్యాక్టరీ ఉండే కాగితం," అన్నాను.

"తెలుసు సార్."

చంద్రశేఖర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తమాషాలొద్దు సులోచనా. నీకు బాక్సుల సంగతి ఏం తెలుసు?"

"మొదట్లో మైదా జిగురు కాసింది ఎవురు? అట్టలు అంటించింది ఎవురు? మీరు సైకిల్ మింద ఆర్డర్లకు పోతే ఇంట్లో పనంతా ఎవురు చేసినారు?"

"అప్పుడు వేరే. ఇప్పుడు మిషన్లుండాయి."

"మిషన్లు నేర్చుకుంటా."

ఆయన లేచి నిలబడ్డాడు. మా వైపు తిరిగి, నన్నూ శారద గారినీ మార్చి మార్చి చూస్తూ అన్నాడు. "ఇది అన్యాయం సార్. ఫ్యాక్టరీ ఆమెకిచ్చి ఆ బెళ్ళందూరు పొలము పెట్టుకుని నేనేం చేసుకోవల్ల? దానికి నోటిఫికేషన్ వచ్చుండాది."

నాకు ఒక్క క్షణం ఆయనేమన్నాడో అర్థం కాలేదు. అర్థమయ్యాక నా రిపోర్టులో బెళ్ళందూరు పేజీ తీశాను.

నోటిఫికేషన్ అంటే, ఈ భూమిని ప్రజా అవసరానికి తీసుకుంటున్నామని ప్రభుత్వం ఇచ్చే నోటీసు. అది వచ్చిందంటే ఆ పొలాన్ని కొనేవాడుండడు. పరిహారం ఇచ్చినా గైడెన్స్ వాల్యూ ప్రకారం ఇస్తారు, అదీ కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాక. నేను బంగారమని రాసిన పొలం ఇత్తడి కింద లెక్క. ఆ నోటీసు ఫ్యాక్టరీ అడ్రసుకు వచ్చిందట. ఆయన తప్ప ఇంకెవరూ చూడలేదు.

అంటే ఆ మొదటి రోజు ఆయన నవ్వు ఎందుకో నాకప్పుడు తెలిసింది. పెద్దోడు పంచాలన్న షరతుకు అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో తెలిసింది. చెడిపోయిన పొలాన్ని ఇంటితో కలిపి కట్టి, ఇల్లంటే ఆమెకు ప్రాణం కాబట్టి ఆ మూటను ఆమే ఎత్తుకుంటుందని లెక్క వేశాడు. తేలు కుట్టిన దొంగ అరవడు అంటారు. ఈయన అరిచాడు. తాను పంచిన పంపకాన్ని తానే, మా అందరి ముందూ, నిలబడి అన్యాయం అన్నాడు. నా జీవితంలో అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అటువంటిది చూడలేదు.

"నోటీసు ఎప్పుడొచ్చింది?" అంది శారద గారు చాలా నెమ్మదిగా.

ఆయన కూర్చున్నాడు. నోట్లోంచి ఏం జారిపోయిందో అప్పటికి తెలిసినట్టుంది, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. టీ అంగళ్ళ చుట్టూ తిరిగి ధరలు కూర్చింది ఈ మోసానికి ముస్తాబు చెయ్యడానికా అనిపించింది. ఏదో అనబోతుంటే సులోచన గారే మాట్లాడింది. ఆమె గొంతు పెరగలేదు.

"మళ్ళీ పంచండి," అంది. "ఈసారి ఏది మిగిలినా మీరు బతికేటట్ట పంచండి."

కాగితం తిరిగి టేబుల్ మధ్యలో పెట్టి లేచింది. పట్టుబట్టి ఉంటే ఆ రోజే ఫ్యాక్టరీ తీసుకోవచ్చు. ఒప్పందం ప్రకారం కోరుకున్నది ఆమె. నాకది కూడా వింతగానే తోచింది.

మెట్ల దగ్గర ఆమెను కలుసుకున్నాను. "నోటీసు సంగతి మీకు ముందే తెలుసా అమ్మా?" అని అడిగాను.

"నాకెట్ల తెలుస్తుంది సార్? నాకెవురు చెప్తారు?"

"మరి ఇల్లు వదిలేసి ఫ్యాక్టరీ ఎందుకు కోరుకున్నారు? మీకు ఇల్లే కావాలని నేననుకున్నాను."

"నాకు ఇల్లే కావల్ల," అంది. "కానీ ఆయన జరిపినాడు కదా సార్."

అర్థం కాక నిలబడిపోయాను. ఆమె మెట్టు మీద ఆగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఆయన నా వైపు ఏదన్నా జరిపినాడంటే అది ఆయనకు పనికిరాదని అర్థము. మామిడిపండు కోస్తే టెంక నా తట్టు జరుగుతుంది. బస్సెక్కితే ఎండ వచ్చే సీటు నాకు. కొత్త ఫ్యాను కొంటే పాత ఫ్యాను నా గదికి. నువ్వు తీసుకో, నువ్వు తీసుకో అని మెత్తగా చెప్తాడు. వినేటోళ్ళకు ఎంత మంచోడో అనిపిస్తుంది. నాకు గూడ చానా ఏండ్లు అట్లే అనిపిస్తా ఉండె." ఒక మెట్టు దిగింది. "ఆయన చెడ్డోడు కాదు సార్. కొట్టింది లేదు, తిట్టింది లేదు. ఆయన చేతికి అట్ల అలవాటైపోయుండాది. ఆయనకే తెలీదు. ఆ కాగితంలో ఏం రోగం ఉండాదో నాకు తెలీదు. ఉండాదని మాత్రం తెలుసు."

ఆ మాటలు విని నేను నిర్ఘాంతపోయాను. ఆయన నోటీసు దాచడం కంటే ఇది నన్ను ఎక్కువ కుదిపింది. మోసాలు నాకు కొత్త కాదు. పాతికేళ్ళు ఒకరి పక్కన బతికి, ప్రాణంలా పెంచుకున్న ఇంటిని ఆయన ఆమె వైపు జరిపాడన్న ఒక్క కారణానికి వదులుకోవడం ఎలాంటి తెలివి? దాన్ని నేర్చుకోవడానికి ఎన్ని పండ్ల టెంకలు చీకి ఉండాలి? ఇంటికి నడిచి వెళ్తూ దారంతా అదే అనుకున్నాను.

తర్వాతి వారం చంద్రశేఖర్ ఒంటరిగా నా ఆఫీసుకు వచ్చాడు. నోటీసు తీసి టేబుల్ మీద పెట్టాడు. బెళ్ళందూరు పొలానికి ధర మళ్ళీ కట్టమన్నాడు. కట్టాను. ఆ తర్వాత కూడా లేవలేదు. కింద నుంచి కాఫీ తెప్పించాను. ఆయన ఒక తెల్లకాగితం మీద రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం.

"కుదరడం లేదు సార్," అన్నాడు చివరికి. "మా తమ్ములకు పంచినప్పుడు ఇంత కష్టం కాలేదు."

"అప్పటికే మీరు బెంగళూరొచ్చేసుండారు కదప్పా," అన్నాను. "ఆ భూమిలో ఏ ముక్క పోయినా మీకు నొప్పి లేదు. అందుకే సమానంగా వచ్చింటాది."

దెబ్బ తగిలినట్టు నా వైపు చూశాడు. కొంచెం కటువుగానే అన్నాను, నాకు ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. ఆయన కాగితం తిప్పి వెనక వైపు రాయబోయాడు. కాఫీ చల్లారిపోయింది.

"ఆమెకు ఏం కావల్లో తెలిస్తే పంచొచ్చు," అన్నాడు కాసేపటికి. "ఇల్లు అనుకున్న్యా. ఫ్యాక్టరీ కోరుకునె. ఆమెకు నిజంగా ఏం కావల్లో నాకు తెలీదు సార్. ఎప్పుడూ అడిగింది లేదు."

నాకు తెలుసు. చెప్పలేదు. అది నేను చెప్పాల్సిన మాట కాదు. పైగా ఆమెకు ఏది ఇష్టమో తెలిస్తే ఈ మనిషి చెయ్యి మళ్ళీ ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?

రెండోసారి కూర్చున్న రోజు ఆయన గడ్డం గీసుకోలేదు. తెచ్చిన రెండు కాగితాల్లో ఈసారి ఒక దాంట్లో ఫ్యాక్టరీ, బెళ్ళందూరు పొలం. ఇంకొక దాంట్లో ఇల్లు, దేవనహళ్ళి తోట, డిపాజిట్లలో పెద్ద ముక్క. కొత్త ధరల ప్రకారం కూడి చూశాను. పైసలు కొంచెం అటూ ఇటూ ఉన్నాయి, మొదటిసారంత నున్నగా లేవు. కానీ చెడ్డ పొలాన్ని ఆయన ఫ్యాక్టరీతో కట్టాడు. ఆమె మళ్ళీ ఫ్యాక్టరీ కోరుకుంటే తనకు ఇల్లూ తోటా మిగులుతాయి, వాటితో బతకాలి. ఇల్లు కోరుకుంటే ఫ్యాక్టరీతో పాటు ఆ రోగమూ తనదే.

రెండు కాగితాలనూ ఆయన టేబుల్ సరిగ్గా మధ్యలో పక్కపక్కన పెట్టాడు. పెట్టి చేతులు వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు. ఒకసారి కుడి చెయ్యి అలవాటుగా లేచింది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. నేను చూశాను. శారద గారూ చూసింది.

"కోరుకో," అన్నాడు.

సులోచన గారు కాగితాల వైపు చూడలేదు. ఆయన చేతుల వైపు చూసింది. చాలాసేపు చూసింది. చూస్తుండగానే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. అన్ని రోజుల్లో ఆమె ఏడవడం అదే చూడడం. చట్టం ఏమీ ఇవ్వదన్న రోజున చలించని మనిషి, నోటిఫికేషన్ మాట విన్నప్పుడు గొంతు పెంచని మనిషి.

"ఏమాయె?" అన్నాడు ఆయన కంగారుగా. "దీంట్లో మోసం లేదు. ఒట్టు."

"తెలుసు," అంది ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఇన్నేండ్లకు నా ముందర రెండూ ఒకటే మాదిరి పెట్టినారు. ఇదే మొదటిసారి."

ఆయన తల దించుకున్నాడు. శారద గారు కిటికీ వైపు తిరిగింది. నేను నా రిపోర్టు కాగితాలు అక్కర్లేకపోయినా సర్దుకోవడం మొదలుపెట్టాను. ఎక్కడ చూడాలో తెలియక చేసిన పని అది. ఒక ఆడమనిషికి భర్త చేతుల మీదుగా సమానం దొరకడానికి వాళ్ళు విడిపోయే రోజు దాకా ఆగాల్సి వచ్చిందన్న సంగతి ఈ రోజుకీ నాకు మింగుడుపడదు.

ఆమె ఇల్లున్న కాగితం తీసుకుంది. "ఫ్యాక్టరీ మీరే పెట్టుకోండి," అంది. అంతే. చట్టం పెట్టిన ఆరు నెలల గడువు తీరాక ఫ్యామిలీ కోర్టులో ఇద్దరూ సంతకాలు పెట్టారు. వాళ్ళను మళ్ళీ నేను కలవలేదు. దేవనహళ్ళిలో విమానాలు నిజంగానే దిగిన తర్వాత, ఆ తోట సంగతి తెలిసిన ఒకరిద్దరు ఆమె జాతకం మంచిదన్నారు. జాతకం కాదయ్యా అని చెప్పబోయి ఊరుకున్నాను. మెట్ల మీద విన్నది వాళ్ళు వినలేదు కదా.

ఆస్తికి రెండే ధరలని మొదట్లో చెప్పాను. కాగితం మీద ఒకటి, ఊరి నోట్లో ఒకటి. ఆ కేసు తర్వాత నాకు మూడోది కూడా తెలిసింది. ఏది మిగిలినా తాను బతకగలనని అనుకున్నవాడు కట్టే ధర అది. దాన్ని రాబట్టడానికి ఏ టీ అంగడీ పనికిరాదు. చేతులు చూడాలి.

ఇప్పటికీ పంపకాలకు పిలిస్తే వెళ్తుంటాను. భాగాల కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే టేబుల్ మధ్యలో పెడతాను. పెట్టి, అందరి చేతులూ చూస్తూ కూర్చుంటాను. ఎవరి చెయ్యైనా ఒక కాగితాన్ని ఎదుటివాళ్ళ వైపు జరిపిందంటే, నా రిపోర్టు వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకుంటాను. మళ్ళీ ఒకసారి సైటు చూసి రావాలండీ అని చెప్పి లేచి వచ్చేస్తాను.